ఎనిమిదీ ఇరవై

పాతికేళ్లుగా ఒక మాట మింగలేక, కక్కలేక బతుకుతున్నాను. మా ఇంట్లో తెలియదు. నాతో పనిచేసిన వాళ్లలో ఒక్కరికీ తెలియదు. తెలియవలసిన మనిషికి అసలే తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. మీరు ఎదురుగా కూర్చుని నా మొహం చూస్తూ ఉంటే ఇందులో సగం కూడా నోట రాదు.

ముందే అనేస్తాను, లేకపోతే మధ్యలో దాటేస్తాను. నా సంగతి నాకు తెలుసు. ఒక మంచి ప్రోగ్రామరు రాసిన పనిలో తప్పుందని, ఆయనే నమ్మేలా చేశాను. ఆ పనిలో తప్పు లేదు. లేదని అప్పుడే నాకు తెలుసు.

ఈ నాలుగు మాటలూ రాసి రెండుసార్లు కొట్టేశాను. ఎందుకు? పోలీసులు వస్తారా? రారు. ఉద్యోగం పోతుందా? ఆ ఆఫీసే ఇప్పుడు లేదు. అయినా మదీనాగూడలో మా ఇంటి నుంచి బండి తీసి కొండాపూర్ వైపు వెళ్లాల్సి వస్తే ఈరోజుకీ ఆ వీధి తప్పించి చుట్టు తిరిగి పోతాను.

తొంభైల చివరి సంగతి. మాదాపూర్‌లో ఆ గుండ్రటి పెద్ద టవరు కొత్తగా లేచింది. చుట్టూ అన్నీ బండలు, ఎర్రమట్టి. దాన్ని చూడడానికి జనం ఆదివారాలు పిల్లల్ని తీసుకుని వచ్చేవాళ్లు. మా ఆఫీసు అక్కడికి కాస్త దూరంలో, కొండాపూర్‌లో ఒక ఇంటి పై అంతస్తు. కింద ఇంటివాళ్లు ఉండేవాళ్లు, వాళ్ల బర్రెలు ఉండేవి. పైన మేం ఆరుగురం. మా ఓనరు భీమవరం వైపు మనిషి. అటెండరునైనా ‘అండి’ అనకుండా పిలిచేవారు కాదు. ఎలాగైనా ఆ టవర్లో ఒక గది తీసుకోవాలని ఆయన కోరిక.

మా పని ఒక ప్రైవేటు ఆసుపత్రిది. ఊళ్లో దానికి మూడు చోట్ల శాఖలు ఉండేవి. మూడింటి పేషెంట్ల వివరాలూ ఒకచోట చేర్చి ఉంచేది మేము. పాత పేషెంటు ఎవరైనా వస్తే ఆసుపత్రి నుంచి మాకు ఫోన్ చేసేవాళ్లు. మేం పేరు వెతికి, కార్డు నంబరూ, ఆ మనిషికి ఏ మందు పడదో అదీ చెప్పేవాళ్లం. చిన్న పనిలా కనిపిస్తుంది. కానీ పడని మందు ఇస్తే ఏమవుతుందో మీకు చెప్పనక్కర లేదు.

ఆ ప్రోగ్రామును రాసింది యాదగిరి సార్. ఆయనది ఆ కొండాపూరే, ఊరు ఊరులా ఉన్నప్పటి నుంచీ. నలభై దాటిన మనిషి. ఎవరూ నేర్పకుండా, పుస్తకాలు ముందేసుకుని ఫాక్స్‌ప్రో అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నారు. నల్ల తెర, తెల్ల అక్షరాలు, మౌసు లేదు. కంప్యూటర్ గదిలోకి వెళ్లేటప్పుడు మేమంతా చెప్పులు బయట విడిచేవాళ్లం, దుమ్ము పడకూడదని. ఆయన మాత్రం గుడికి వెళ్లినట్టే విడిచేవారు. కీబోర్డు తాకి వేళ్లు కళ్లకద్దుకుని గానీ మొదలుపెట్టేవారు కాదు. రెండువేల సంవత్సరం వస్తే పాత ప్రోగ్రాములన్నీ ఆగిపోతాయని ఊరంతా పరేషాన్ అవుతుంటే, ఆయన సెలవు రోజుల్లో వచ్చి కూర్చుని, ఏడాది అంకెలు రెండున్న చోటల్లా నాలుగు పెట్టేసి, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు కూడా.

నన్ను తీసుకున్నది వేరే పనికి. విజువల్ బేసిక్ అని కొత్తగా వచ్చింది, రంగురంగుల కిటికీలు, నొక్కే బొత్తాలు. అమీర్‌పేటలో మూడు నెలలు నేర్చుకున్నాను. ఇదే ఆసుపత్రి పనిని అందులో మళ్లీ రాసి చూపించమని నన్ను ఆరు నెలలకు తాత్కాలికంగా పెట్టుకున్నారు. అది నిలబడితే నేనుంటాను. పాతదే చాలనుకుంటే నాతో పని లేదు. ఓనరు ఈ మాట నవ్వుతూనే చెప్పారు, ‘చూద్దామండి’ అంటూ.

నేను ప్రొద్దుటూరు నుంచి వచ్చినదాన్ని. అంతకుముందు ఒకసారి బెంగళూరు వెళ్లి, మూడు నెలలకే ఉద్యోగం పోయి ఇంటికొచ్చాను. వీధిలో కుళాయి దగ్గర ఒక్కొక్కరే అడిగారు, ‘ఏమ్మా, వచ్చేసినావా?’ అని. అంతే అడిగారు. తప్పుగా ఏమీ అనలేదు. కానీ ఆ మాట రెండోసారి వినడం నా వల్ల కాదు అనుకున్నాను. అప్పట్లో నాకున్న భయమంతా అదే. నవ్వొస్తోందా? రావచ్చు. ఆ వయసులో నాకు అది చావులాగే ఉండేది.

ఐదు నెలలు గడిచేసరికి గాలి పాతదానివైపు తిరిగింది. ఆసుపత్రి వాళ్లకు యాదగిరి సార్ ప్రోగ్రాము అలవాటైపోయింది, ఏ మీట ఎక్కడో చూడకుండా నొక్కేవాళ్లు. నా కొత్తది రెండుసార్లు వాళ్ల ముందే బిగుసుకుపోయింది. చివరికి ఓనరు ఒక రోజు పెట్టారు. ఆసుపత్రి రికార్డుల ఆఫీసరు వస్తారు, రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తాం, ఆయన దేన్ని ఒప్పుకుంటే అది. నాకు వారం రోజులు అన్నం సహించలేదు.

ఇప్పుడు ఒక చిన్న సంగతి చెప్పాలి, అది తెలియకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. రోజూ సాయంత్రం ఆసుపత్రి నుంచి ఆ రోజు కొత్త పేషెంట్ల వివరాలు ఫ్లాపీలో వచ్చేవి, వాటితోపాటు కార్డుల నకళ్ల కట్ట. ఫ్లాపీలోని పేర్లను పెద్ద ఫైలు చివర కలిపేసి ఇంటికి వెళ్లేవాళ్లం. మర్నాడు పొద్దున మళ్లీ మొత్తం పేర్లకు వరస కట్టాలి. దాన్ని ఇండెక్స్ అంటారు. అది కట్టకపోతే పేరు ఫైల్లో ఉంటుంది, వెతికితే దొరకదు. బడిలో కొత్తగా చేరిన పిల్ల పేరు హాజరు పట్టీలో ఎక్కించకపోతే, ఆ పిల్ల బెంచీ మీద కూర్చునే ఉన్నా టీచరు పిలవదు కదా, అలాగ. యాదగిరి సార్ రోజూ ఎనిమిదింటికి అందరికన్నా ముందు వచ్చి ఆ పని చేసేవారు. నాలుగు నిమిషాలు పడుతుంది. ఏళ్ల తరబడి ఒక్క రోజూ తప్పలేదు. నా కొత్తదానికి ఈ పని అక్కర్లేదు, పేరు చేరగానే అదే వరసలో పెట్టుకుంటుంది.

చూపించాల్సిన రోజుకు ముందు సాయంత్రం ఆయన నా దగ్గరికి వచ్చారు. ఆయన కూతురికి పాలిటెక్నిక్‌లో సీటు వచ్చింది. శేరిలింగంపల్లి మండలాఫీసులో ఏదో సర్టిఫికెట్ కావాలి, తండ్రే వచ్చి సంతకం పెట్టాలన్నారట, ఆ రోజు దాటితే సీటు పోతుందట. పొద్దున తన బదులు నన్ను ఇండెక్స్ నడపమన్నారు. అంతకు ముందు వారం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారు. ఎందుకైనా మంచిదని అప్పుడు కూడా ఒక చీటీ మీద రాసిచ్చారు. ‘నీది గెలిస్తే గెలువని బిడ్డా, ఫికర్ లేదు. నాది మాత్రం సక్కగ నడవాలె’ అన్నారు. అంత నమ్మకం ఎందుకు పెట్టారు నా మీద? నేను ఆయనకు పోటీ మనిషిని. ఆ ఆఫీసులో ఆయన్ని పక్కకు తోయడానికి వచ్చినదాన్ని. ఆయనకది తట్టలేదా, తట్టినా పట్టించుకోలేదా?

మర్నాడు నేను ఎనిమిదింపావుకే వెళ్లాను. చెప్పులు బయట విడిచాను. గదిలో ఎవరూ లేరు. చీటీ తీసి కీబోర్డు పక్కన పెట్టుకున్నాను. చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నదేమిటంటే, కంగారులో మరిచిపోయానని. అబద్ధం. చీటీ మీదున్న ఆదేశం మొత్తం టైపు చేశాను. ఎంటర్ మీట మీద వేలు పెట్టాను. వేలు దిగలేదు. ఎంతసేపు అలా కూర్చున్నానో తెలియదు. ఇది నడపకపోతే నిన్న సాయంత్రం చేరిన పేర్లు దొరకవు. నిన్నటి పేరే అడుగుతారని ఏముంది? పాత పేరు అడగొచ్చు. అడిగితే అడిగారు, నా అదృష్టం ఎలా ఉంటే అలా. ఇలా నాలో నేనే బేరమాడుకుని, టైపు చేసింది చెరిపేసి, చీటీ మడిచి పర్సులో పెట్టుకుని బయటికి వచ్చాను.

అదృష్టం అన్నాను కదా. దానికీ వదిలిపెట్టలేదు నేను. పదకొండింటికి ఆసుపత్రి ఆఫీసరు వచ్చారు. యాదగిరి సార్ ఇంకా రాలేదు. ఆయన వచ్చేదాకా ఆగుదామని ఓనరు అన్నారు గానీ ఆఫీసరుకు తొందర. ఏదో ఒక కార్డు ఇవ్వండి, రెండింట్లోనూ వెతుకుదాం అన్నారాయన. అల్మారాలో నాలుగు కట్టలున్నాయి. నేను లేచి వెళ్లి నిన్నటి కట్టలోంచి పై కార్డు తీసి ఇచ్చాను.

ఒక ముసలావిడ పేరు అది. పెన్సిలిన్ పడదని కార్డు మీద ఎర్ర ముద్ర. నా కొత్తదాంట్లో బొత్తాం నొక్కగానే ఆవిడ వచ్చింది, ఎర్ర అక్షరాల్లో హెచ్చరికతో సహా. పాతదాంట్లో పేరు కొట్టారు. నల్ల తెర మీద ‘దొరకలేదు’ అని వచ్చింది. మళ్లీ కొట్టారు. మళ్లీ అదే. ఆఫీసరు కార్డును తిప్పి చూసి బల్ల మీద పెట్టారు. ఓనరు మొహం మాడిపోయింది. ఇలాంటి పేషెంట్లు ఇంకా ఎందరు దొరక్కుండా పోయారోనని ఆఫీసరు మెల్లగా అడిగారు. దానికి జవాబు నా దగ్గర ఉంది. ఒక్క మాట అంటే సరిపోయేది. ‘అయ్యో, పొద్దున ఇండెక్స్ నడపడం మరిచిపోయానండీ’ అంటే నవ్వేసి మళ్లీ మొదలుపెట్టేవాళ్లు. నేను అనలేదు.

ఆఫీసరు వెళ్లిపోయాక, పదకొండూ నలభైకి యాదగిరి సార్ వచ్చారు. చేతిలో సర్టిఫికెట్ ఉన్న కవరు, చొక్కా అంతా చెమట. గుమ్మం దగ్గరే ఎవరో జరిగింది చెప్పారు. ఆయన ఎవరి దగ్గరికీ వెళ్లకుండా నేరుగా నా దగ్గరికి వచ్చారు.

‘పొద్దుగాల ఇండెక్స్ నడిపినవా బిడ్డా?’

‘నడిపాను సార్.’

‘ఎన్ని గంటలకు?’

‘ఎనిమిదీ ఇరవైకి.’

‘మధ్యల ఆగలే గదా?’

‘లేదు సార్. పూర్తయింది.’

ఆయన నా మొహంలోకి ఒక్క క్షణం చూశారు. అనుమానంగా కాదు. చిన్నపిల్లను కంగారు పెట్టానేమో అన్నట్టు చూశారు. ‘అయితే తప్పు నా దాంట్లనే ఉంది’ అన్నారు.

ఓనరు ఆయన్ని గదిలోకి పిలిచారు. తలుపు మూసుకుంది. అప్పుడు నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆయన బయటికి రాగానే కూర్చుని చూసుకుంటారు. ఏ ఫైలు ఎప్పుడు తయారైందో కంప్యూటర్ టైముతో సహా చూపిస్తుంది. అందులో నిన్నటి తేదీ ఉంటుంది. నా అబద్ధం అక్కడే, నల్ల తెర మీద, తెల్ల అక్షరాల్లో కనబడిపోతుంది. కంప్యూటర్ గదిలోకి వెళ్లాను. మొదటిసారి చెప్పులతోనే వెళ్లాను. యంత్రంలో గడియారాన్ని వెనక్కి తిప్పి ఎనిమిదీ ఇరవై చేశాను. ఇండెక్స్ నడిపాను. నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలూ ఓనరు గది తలుపు వైపే చూస్తూ నిలబడ్డాను. అయ్యాక గోడ మీది గడియారం చూసి టైము మళ్లీ సరిచేశాను.

పొద్దున నడపకపోవడానికి భయం అని పేరు పెట్టుకోవచ్చు. దీనికేం పేరు పెట్టను? ఇది భయపడే పిల్ల చేసే పనేనా? తెలివైన మనిషి చేసే పని. నాలో అంత తెలివి ఉందని నాకూ అప్పటిదాకా తెలియదు.

యాదగిరి సార్ వచ్చి కూర్చున్నారు. కీబోర్డు తాకి కళ్లకద్దుకున్నారు. ముసలావిడ పేరు కొట్టారు. వెంటనే వచ్చింది. ఆయన వెనక్కి వాలిపోయారు. ఫైలు టైము చూశారు. ఎనిమిదీ ఇరవైనాలుగు. పెదవులు కదిలాయి, ఎనిమిదీ ఇరవైకి మొదలుపెడితే నాలుగు నిమిషాలు, సరిగ్గా ఉంది అని లెక్క వేసుకున్నట్టు. ఇండెక్స్ సరిగ్గా ఉండి కూడా పేరు గంట క్రితం దొరకలేదు, ఇప్పుడు దొరికింది. మా పనిలో ఉన్నవాళ్లకు ఇంతకన్నా భయం కలిగించేది ఇంకోటి లేదు. కనబడే తప్పును దిద్దుకోవచ్చు. ఒకసారి వచ్చి మాయమైపోయేదాన్ని ఏం చేస్తాం? మళ్లీ ఎప్పుడొస్తుందో, ఎవరి పేరు దాస్తుందో ఎలా తెలుస్తుంది?

పది రోజులు వెతికారాయన. ప్రోగ్రాము మొత్తం అచ్చు తీయించి, ఎర్ర పెన్ను పట్టుకుని ఒక్కో వరుసా చదివారు. మధ్యాహ్నం డబ్బా తెరిచి, రెండు ముద్దలు తిని మూసేసేవారు. నేను నాలుగు బల్లల అవతల కూర్చుని కొత్తదాని బొత్తాలకు రంగులు మార్చుకుంటూ ఉండేదాన్ని. రోజూ అనుకునేదాన్ని, ఈరోజు చెప్పేస్తానని. అనుకుంటూనే ఆయన కుర్చీ కదిలితే ఉలిక్కిపడేదాన్ని. దొరికిపోయానేమోనని.

పదకొండో రోజు ఆయనే ఓనరు దగ్గరికి వెళ్లి, తను రాసినదాన్ని నమ్మవద్దని, కొత్తదానికి మారిపోమని చెప్పారట. ఓనరు అప్పటికీ పాతదాన్ని వదలడానికి తటపటాయిస్తూనే ఉన్నారట. అంటే చూడండి, మారాలా వద్దా అన్న సంగతి తేల్చింది నా కొత్త ప్రోగ్రామూ కాదు, ఆసుపత్రి ఆఫీసరూ కాదు. యాదగిరి సార్ నిజాయితీ తేల్చింది. దాన్ని నేను ఆయన మీదికే తిప్పాను.

నా ఉద్యోగం ఖాయమైంది. ఇంటికి ఫోన్ చేసి చెబితే మా అమ్మ ఏడ్చింది. టవర్లో గది కూడా వచ్చింది. యాదగిరి సార్‌ను ఓనరు పొమ్మనలేదు, కొత్తది నేర్పిస్తామన్నారు. నన్నే నేర్పమన్నారు. ఆయన రెండు రోజులు నా పక్కన కూర్చుని, మూడో రోజు వద్దన్నారు. మనుషుల ప్రాణాల సంగతి, నా రాత మీద నాకే నమ్మకం లేదు, ఇగ నేను రాయను అన్నారట ఓనరుతో. మేం టవర్లోకి మారేనాటికి ఆయన రావడం మానేశారు. తర్వాత కొండాపూర్‌లోనే ఒక జిరాక్స్ దుకాణం పెట్టుకున్నారని విన్నాను. దుకాణంలో కంప్యూటర్ పెట్టమని కూతురు పోరుతున్నా ఒప్పుకోలేదట.

నిజం చెప్పాలంటే కొత్తది మంచిదే. ఎప్పటికైనా మారవలసిందే. నేను ఏమీ చేయకపోయినా ఏడాదికో రెండేళ్లకో పాతది పోయేది. దీన్ని నేను కొన్ని వేల సార్లు చెప్పుకున్నాను. ప్రతిసారీ ఇదే మాట దగ్గర ఆగిపోతాను: ప్రోగ్రాము పోయేది, సరే. ఆయనకు తన మీద ఉన్న నమ్మకం ఎందుకు పోవాలి?

ఇంకొకటి ఉంది. ఇది చెప్పకుండా ముగించేద్దామనుకున్నాను.

టవర్లోకి మారేందుకు కొండాపూర్ ఆఫీసు ఖాళీ చేసే రోజు అల్మారాలు సర్దే పని నా మీద పడింది. అడుగు అరలో ఆయన అచ్చు తీయించిన కాగితాల కట్ట కనిపించింది. చించేయమన్నారు. చించబోతూ విప్పాను. రెండు వందల పైచిలుకు పేజీలు. ప్రతి వరుస పక్కనా ఎర్ర పెన్నుతో టిక్కు. ఒక్కటీ వదల్లేదు. కొన్నిచోట్ల రెండేసి, మూడేసి టిక్కులు, మళ్లీ మళ్లీ చూసినట్టు. చివరి పేజీల్లో ఒకచోట మాత్రం ఆరు వరుసలకు టిక్కు లేదు. పొద్దున్నే ఇండెక్స్ నడిపే వరుసలు అవి. వాటి పక్కన ఆయన చేతిరాత ఉంది.

‘ఇది ఆ రోజు బిడ్డ నడిపింది. చూసే పని లేదు.’

ఆ ఒక్క కాగితం దాచుకున్నాను. ఇప్పుడు నా ముందు ఉంది, ఎర్ర సిరా గోధుమ రంగుకు తిరిగింది. ఒకసారి దీన్ని పట్టుకుని ఆ దుకాణం దాకా వెళ్లాను. ఆటోలోంచే చూశాను. ఆయన ఒక కుర్రవాడి హాల్‌టికెట్‌కు కాపీ తీసి, వెలుతురుకు పట్టి, అక్షరాలన్నీ సరిగ్గా పడ్డాయో లేదో వేలితో వరుస వరుసా చూసుకుంటున్నారు. దిగలేకపోయాను. ఆటో అతను ‘దిగుతరా అమ్మా?’ అని రెండుసార్లు అడిగాడు. పోనిమ్మన్నాను. ఆ తర్వాత మళ్లీ వెళ్లలేదు. ఇప్పుడు ఆ దుకాణం ఉందో లేదో, ఆయన ఉన్నారో లేదో కనుక్కోవడానికి కూడా భయమే. ఉంటే ఒక భయం, లేకపోతే ఇంకో భయం.

మీరు నన్ను ఏమీ అనవద్దు. చిన్నతనం అనీ అనవద్దు, పాపం అనీ అనవద్దు. ఆయన అడిగినప్పుడు చెప్పవలసిన జవాబు ఒకటి ఉండిపోయింది, అది మాత్రం వినండి.

నడపలేదు సార్. ఎనిమిదీ ఇరవైకి నేను ఆ కుర్చీలోనే కూర్చుని ఉన్నాను, వేలు మీట మీదే ఉంది, నడపలేదు. మీరు టిక్కు పెట్టని ఆ ఆరు వరుసలే సార్. తప్పు అక్కడే ఉంది.